విలీనమైన బడికి దారి ఎవరి బాధ్యత: ఒక పాఠశాల రవాణా ప్రణాళికపై కేస్ స్టడీ

చిన్న ఆవాసాల్లోని ప్రాథమికోన్నత తరగతులను మూసివేసి, ఆ పిల్లలందరినీ ఒకే పెద్ద ప్రభుత్వ పాఠశాలలో చేర్చాలన్న ఉత్తర్వు వెలువడిన తరువాత, వాళ్లు రోజూ అక్కడికి ఎలా చేరుకోవాలో తేల్చే పనిని మాకు అప్పగించారు. పాఠశాలల రవాణా ప్రణాళికలు తయారు చేయడం నా వృత్తి. మామూలుగా మమ్మల్ని అడిగేది బస్సులు ఎన్ని కావాలి, రూట్లు ఎలా ఉండాలి అని మాత్రమే. ఈ కేసులో దానికంటే ముందున్న ప్రశ్నే ఇంకా తేలలేదు. ప్రభుత్వ పాఠశాల తన విద్యార్థులకు బస్సు నడపాలా, లేక పిల్లలను బడి గేటు దాకా చేర్చడం తల్లిదండ్రుల పనేనా?

బస్సు వద్దన్నవారిని పిల్లల పట్ల పట్టింపు లేనివారని తోసిపుచ్చడానికి వీల్లేదు. బస్సు మీద పెట్టే డబ్బు తరగతి గదికి అందదని, అదే డబ్బుతో సబ్జెక్టు టీచరును నియమించవచ్చని, ప్రయోగశాల కట్టవచ్చని ఆర్థిక విభాగం వాదించింది. ఒకసారి మొదలుపెట్టిన బస్సును మళ్లీ ఆపడం ఎవరి తరమూ కాదని కూడా వాళ్లు గుర్తుచేశారు. ఈ రెండూ నిజాలే. అయితే ఆ వాదన, బడి ఎప్పటి నుంచో అక్కడే ఉంది, పిల్లలే దూరాన ఉన్నారు అన్న ఊహ మీద నిలబడింది. ఈ కేసులో జరిగింది దానికి విరుద్ధం. నిన్నటి దాకా నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న బడిని ప్రభుత్వమే తీసుకెళ్లి దూరాన పెట్టింది. విలీనం వల్ల భవనాల నిర్వహణలో, ఉపాధ్యాయుల సర్దుబాటులో మిగిలే డబ్బు ప్రభుత్వ ఖాతాలో చేరుతుంది. పెరిగిన దారి ఖర్చు మాత్రం కుటుంబాల మీద పడుతుంది. బడి ఎక్కడ ఉండాలో నిర్ణయించే అధికారం ఎవరిదో అక్కడికి చేరే దారి బాధ్యత కూడా వారిదేనన్నది నా అభిప్రాయం. ఈ కేసులో తీసుకున్న ప్రతి నిర్ణయమూ ఆ అభిప్రాయం నుంచే వచ్చింది.

ఇది కొత్త ఆలోచన కాదు. పిల్లలను బడికి చేర్చడానికి ప్రజాధనం ఖర్చు చేయవచ్చని అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 1869లోనే చట్టం చేసింది. ఒకే గది ఉన్న పల్లె బడులను కలిపి పెద్ద బడులుగా మార్చే ప్రయత్నాలతో పాటే ఆ దేశంలో బడి బండ్లూ, తరువాత బడి బస్సులూ విస్తరించాయి. 1939-40లో అమెరికాలో 1,17,000కు పైగా ఉన్న పాఠశాల జిల్లాలు, అంటే స్థానికంగా బడులు నడిపే పాలనా విభాగాలు, విలీనాల వల్ల నేడు 13,000 దగ్గరకు తగ్గాయి. బస్సు లేకుండా అంత పెద్ద ఎత్తున విలీనం సాధ్యమయ్యేది కాదు. బస్సు ఖర్చును విలీనం ఖర్చులో భాగంగా చూడకుండా విడిగా లెక్కగడితే విలీనం ఎప్పుడూ లాభంగానే కనిపిస్తుంది.

దూరాన్ని ఎలా కొలిచాం

మాకు అందిన పట్టికలో ప్రతి ఆవాసానికీ ఎదురుగా ఒక దూరం రాసి ఉంది. ఆ దూరాన్ని ఊరి నడిబొడ్డు నుంచి పాఠశాల వరకు మ్యాపు మీద సరళరేఖ గీసి కొలిచారు. పిల్లలు సరళరేఖ మీద నడవరు. ఊరి చివరి ఇళ్ల నుంచి, అసలు కాలిబాట వెంట కొలిస్తే చాలా ఆవాసాలకు ఆ అంకె గణనీయంగా పెరిగింది. కొన్ని చోట్ల తగ్గింది కూడా, ఎందుకంటే పట్టికలో లేని అడ్డదారులు పిల్లలకు తెలుసు. ఆ అడ్డదారుల్లో ఒకటి వానాకాలంలో పొంగే వాగు మీదుగా వెళ్తుంది. మరొకటి కాలిబాట లేని ఇరుకు వంతెన మీదుగా, లారీల పక్కనుంచి సాగుతుంది.

ఇక్కడ చట్టాలు ఏం చెబుతున్నాయో చూడడం ఉపయోగపడింది. ఇంగ్లండులో ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు 2 మైళ్లు, ఆపై వయసు వారికి 3 మైళ్లు దాటితే స్థానిక ప్రభుత్వం ఉచిత రవాణా కల్పించాలి. ఈ కొలత 1944 నాటి విద్యా చట్టం నుంచీ ఉంది. అయితే ఏ దారి వెంట కొలవాలన్న వివాదం ఎసెక్స్ కౌంటీ నుంచి 1980లలో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లింది. అవసరమైతే పెద్దవాళ్లను తోడు తీసుకుని పిల్లలు తగినంత భద్రంగా నడిచి వెళ్లగల దారినే లెక్కలోకి తీసుకోవాలని అక్కడ తేలింది. ఆ తీర్పులో ఒక చిక్కు ఉంది. పెద్దవాళ్ల తోడు దొరుకుతుందని అది ముందే అనుకుంటుంది. ఉదయమే కూలికి వెళ్లే తల్లిదండ్రులున్న ఇంట్లో ఆ తోడు దొరకదు. భారతదేశంలో 2009 నాటి విద్యాహక్కు చట్టం కింద వచ్చిన కేంద్ర నిబంధనలు 1 నుంచి 5 తరగతులకు 1 కిలోమీటరు, 6 నుంచి 8 తరగతులకు 3 కిలోమీటర్ల లోపు బడి ఉండాలని చెబుతాయి. అలా బడి లేని చిన్న ఆవాసాల పిల్లలకు ఉచిత రవాణా లేదా వసతి వంటి ఏర్పాట్లు చేయాలని కూడా అవే నిబంధనలు చెబుతాయి. దూరం పరిమితి గురించి అందరికీ తెలుసు కానీ, దాని వెంటే ఉన్న రవాణా మాట అంతగా వినిపించదు.

అందుకని మేము దూరంతో పాటు దారినీ ఒక కొలమానంగా తీసుకున్నాం. పెద్ద రహదారి దాటాల్సి వచ్చినా, వానాకాలంలో మూసుకుపోయే దారి అయినా, ఎక్కువ భాగం ఇళ్లూ మనుషులూ లేని చోట్ల సాగే దారి అయినా, ఆ ఆవాసాన్ని దూరంతో సంబంధం లేకుండా రవాణా అర్హత ఉన్నదిగా గుర్తించాం. మూడో షరతును అధికారుల ముందు గట్టిగా వాదించాల్సి వచ్చింది. ఏడో తరగతి దాటిన ఆడపిల్లలను చదువు మాన్పించే కుటుంబాలు మాతో చెప్పిన కారణాల్లో దూరం కంటే నిర్మానుష్యమైన దారే ఎక్కువగా వినిపించింది. మైలురాళ్ల మీద మాత్రమే ఆధారపడే విధానానికి ఈ మాట వినిపించదు.

బస్సుకు ప్రత్యామ్నాయాలు

అన్నిటికంటే తేలిక అనిపించేది నగదు భత్యం. కుటుంబం ఖాతాలో డబ్బు వేస్తే చాలు, డ్రైవరు లేడు, టెండరు లేదు, మరమ్మతు లేదు. కాని ఆ డబ్బుతో కొనడానికి అక్కడ రవాణా అనేది ఉండాలి కదా. ఉదయం పూట ఏ వాహనమూ తిరగని దారిలో నలుగురు పిల్లలున్న ఆవాసానికి భత్యం ఇచ్చినంత మాత్రాన వాహనం పుట్టుకురాదు. పుట్టినా అది సామర్థ్యానికి మించి పిల్లలను కుక్కే ఆటోయే అవుతుంది. భత్యం నెల నెలా కాక విద్యాసంవత్సరం చివర్లో అందితే, అది గడిచిన ఖర్చుకు పరిహారమే తప్ప ఈ రోజు బడికి వెళ్లడానికి సాయం కాదు. వాహనాలు బాగా తిరిగే దారి మీద ఉన్న ఒక్క ఆవాసానికి మాత్రం మేము భత్యాన్నే సిఫారసు చేశాం.

సైకిలు గురించి మా బృందంలో చాలా చర్చ జరిగింది. బిహార్ ప్రభుత్వం 2006లో తొమ్మిదో తరగతిలో చేరే ఆడపిల్లలకు సైకిలు పథకం మొదలుపెట్టింది. దాని ఫలితాన్ని పరిశీలించిన ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్‌ల అధ్యయనం, ఆ వయసు ఆడపిల్లల చేరిక 32 శాతం పెరిగిందని, ఆడ, మగ పిల్లల మధ్య చేరికలో ఉన్న తేడా 40 శాతం తగ్గిందని తేల్చింది. ఉన్నత పాఠశాల 3 కిలోమీటర్లు, అంతకు మించి దూరమున్న ఊళ్లలోనే ఈ ప్రభావం ఎక్కువగా కనిపించింది. అంటే అడ్డంకి దూరమే అయినప్పుడు సైకిలు గొప్పగా పనిచేస్తుంది. ఆడపిల్లలు గుంపుగా వెళ్లడం వల్ల దారి కూడా కొంత భద్రమవుతుంది. కాని ఆ ఫలితం తొమ్మిదో తరగతి పిల్లలది. మా విలీనంలో ఆరో తరగతి పిల్లలున్నారు, వైకల్యం ఉన్న పిల్లలున్నారు, లారీలు తిరిగే వంతెన ఉంది. పై తరగతుల పిల్లలకు, దారి మంచిగా ఉన్న రెండు ఆవాసాల్లో సైకిళ్లు ఇవ్వాలని రాశాం. వాటితో పాటు పంక్చర్లు వేసే ఏర్పాటు బడిలోనే ఉండాలని కూడా రాశాం, ఎందుకంటే మూలన పడ్డ సైకిలు పిల్లను మళ్లీ ఇంట్లోనే కూర్చోబెడుతుంది.

ప్రజా రవాణా బస్సుల పాసు పట్టణాల్లో సరైన పరిష్కారం. ఇక్కడ ఆ బస్సు వేళలు బడి వేళలకు కుదరలేదు. వేళ మార్చమని రవాణా సంస్థను అడిగాం. మారిస్తే ఆ బస్సు మీద ఆధారపడ్డ ఇతర ప్రయాణికులకు ఇబ్బంది అవుతుందని వాళ్లు చెప్పిన జవాబు సమంజసంగానే ఉంది. వసతి గృహం గురించి ఎక్కువ చెప్పను. పదకొండేళ్ల పిల్లను రవాణా ఖర్చు మిగల్చడం కోసం ఇంటికి దూరం చేయడాన్ని నేను సిఫారసు చేయలేను.

రూటు లెక్క, బడి గంట

మిగిలిన ఆవాసాలకు బస్సే దారి అని తేలిన తరువాత అసలు పని మొదలైంది. బస్సు ప్రణాళిక అంటే సీట్ల లెక్క అని చాలామంది అనుకుంటారు. పల్లె రూట్లలో సీట్ల కంటే ముందు సమయం అయిపోతుంది. ఒక రూటు పొడవు 12 కిలోమీటర్లు, సగటు వేగం గంటకు 24 కిలోమీటర్లు అనుకుంటే బస్సు నడవడానికే 30 నిమిషాలు పడుతుంది. పది స్టాపుల్లో ఒక్కో నిమిషం ఆగితే మరో 10 నిమిషాలు. మొదటి స్టాపులో ఎక్కిన పిల్ల 40 నిమిషాలు బస్సులోనే ఉంటుంది. ఒక్కవైపు ప్రయాణం 45 నిమిషాలు మించకూడదని మేము హద్దు పెట్టుకున్నాం కాబట్టి, 50 సీట్ల బస్సులో చాలా సీట్లు ఖాళీగా ఉన్నా ఆ రూటును ఇక పొడిగించలేం. స్టాపులను పది నుంచి ఆరుకు తగ్గిస్తే మిగిలేది 4 నిమిషాలే, కాని అందుకు చిన్న పిల్లలు ఎక్కువ దూరం నడవాలి. ఇది తాళ్ల మంచం లాంటి లెక్క, ఒక చోట బిగిస్తే మరో చోట వదులవుతుంది.

ఖర్చు సంగతీ ఇలాంటిదే. బస్సు ఖర్చులో ఎక్కువ భాగం వాహనానికీ, డ్రైవరు జీతానికీ, బీమాకూ పోతుంది. ఇవి ఎన్ని కిలోమీటర్లు తిరిగినా పెద్దగా మారవు. అదే బస్సు ఉదయం రెండు ట్రిప్పులు వేస్తే ఒక్కో విద్యార్థిపై పడే ఖర్చు దాదాపు సగమవుతుంది. పై లెక్కనే కొనసాగిస్తే, మొదటి ట్రిప్పు దించాక ఖాళీగా తిరిగి వెళ్లడానికి 25 నిమిషాలు, రెండో ట్రిప్పుకు మరో 40 నిమిషాలు పడుతుంది. ఇద్దరికీ బడి గంట ఒక్కటే అయితే మొదటి ట్రిప్పు పిల్లలు గంటకు పైగా ముందే వచ్చి కాపలా లేని ఆవరణలో ఎదురుచూడాలి. అందువల్ల రెండు ట్రిప్పులు కావాలంటే బడి గంట రెండు వేర్వేరు వేళల్లో కొట్టాలి. ఆ ప్రాంగణంలోనే ఉన్న ప్రాథమిక విభాగం ఒక సమయానికి, పై తరగతులు మరో సమయానికి మొదలవ్వాలి.

ఎవరు ముందు రావాలన్నది సున్నితమైన విషయం. బోస్టన్ నగర పాఠశాలల అనుభవం దీనికి మంచి పాఠం. 2017లో ఆ పాఠశాలల యంత్రాంగం రవాణా సమస్యపై ఒక పోటీ నిర్వహించగా, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు తయారు చేసిన పద్ధతి, ఉద్యోగులు వారాల తరబడి వేసే రూట్లను సుమారు అరగంటలో వేసింది. ఏడాదికి దాదాపు 50 లక్షల డాలర్లు మిగిలాయి, 50 బస్సులు తగ్గాయి. అదే బృందం తరువాత బడి గంటలను కూడా కంప్యూటరుతో సర్దింది. హైస్కూలు పిల్లలకు తగినంత నిద్ర ఉండాలన్న మంచి ఉద్దేశంతో చేసిన మార్పే అది. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2014లోనే, మాధ్యమిక, ఉన్నత పాఠశాలలు ఉదయం 8:30 కంటే ముందు మొదలవ్వకూడదని సూచించింది. కాని కొన్ని చోట్ల చిన్న పిల్లల బడి ఉదయం ఏడుంపావుకే మొదలయ్యేలా రావడంతో తల్లిదండ్రులు తీవ్రంగా ఎదిరించారు. 2017 డిసెంబరులో ప్రకటించిన ఆ మార్పును అదే నెలలో వెనక్కి తీసుకున్నారు. రూట్ల లెక్క నిలిచింది, గంటల లెక్క నిలవలేదు. మధ్యాహ్నమే ఇంటికి వచ్చే చిన్న పిల్లను ఎవరు చూసుకుంటారన్నది రూట్ల సమీకరణంలో లేకపోవడమే కారణమని నేను అర్థం చేసుకున్నాను.

అందుకే మేము లెక్క పూర్తి చేయకముందే తల్లిదండ్రులతో కూర్చున్నాం. పై తరగతుల వాళ్లను ముందు తీసుకురావాలని మేము అనుకున్నాం. చిన్న పిల్లలను ముందు పంపితేనే తాము పనికి వెళ్లగలమని ఎక్కువ మంది తల్లులు చెప్పారు. ప్రధానోపాధ్యాయులు ఒప్పుకుని, ముందుగా వచ్చే చిన్న తరగతులకు తగ్గట్టు ఉపాధ్యాయుల వేళలు సర్దారు. సాయంత్రం కూడా వాళ్లే ముందు ఇంటికి చేరతారు కాబట్టి, ఆ వేళకు ఇంట్లో పెద్దవాళ్లు లేని పిల్లలు రెండో ట్రిప్పు దాకా గ్రంథాలయంలో ఉండే వీలు కల్పించారు.

భద్రత విషయంలో మా శ్రద్ధంతా బస్సు బయటే పెట్టాం. అమెరికా లెక్కలను చూస్తే బడి బస్సు ప్రమాదాల్లో మరణించే పిల్లల్లో బస్సు లోపల ఉన్నవారి కంటే బయట, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ గాయపడేవారే ఎక్కువ. 1939లో కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు ఫ్రాంక్ సిర్ ఏర్పాటు చేసిన సమావేశం బడి బస్సులకు ఉమ్మడి ప్రమాణాలతో పాటు పసుపు రంగును ఖరారు చేయడంలోని ఉద్దేశం కూడా బస్సు దూరం నుంచే కనబడాలన్నదే. మేము ఇళ్లున్న వైపే స్టాపు ఉండేలా, రహదారి దాటాల్సిన చోట బస్సే తిరిగి ఆ వైపుకు వచ్చేలా రూట్లు వేశాం. దానివల్ల కొన్ని రూట్ల పొడవు పెరిగింది, ఆ పెరుగుదలను తగ్గించడానికి నేను ఒప్పుకోలేదు. పిల్లలు ఆవరణలో ఉండగా బస్సు వెనక్కి నడపకూడదన్న నియమాన్ని, ప్రతి బస్సులో ఒక సహాయకురాలు ఉండాలన్న నియమాన్ని కాంట్రాక్టులోనే రాయించాం.

రుసుము వసూలు చేయాలా

ఖర్చులో కొంత భాగం తల్లిదండ్రుల నుంచి తీసుకుంటే బాధ్యత పంచుకున్నట్టవుతుందన్న ప్రతిపాదన చివరి దాకా బల్ల మీద ఉంది. చట్టం దృష్టిలో ఇది అన్ని చోట్లా తప్పు కాదు. అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రంలో బడికి సుమారు 16 మైళ్ల దూరంలో ఉన్న ఒక పేద కుటుంబం, బస్సుకు ఏడాదికి 97 డాలర్ల రుసుము అడగడాన్ని ప్రశ్నించింది. 1988లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ రుసుము రాజ్యాంగ విరుద్ధం కాదని తీర్పు చెప్పింది.

చట్టం అనుమతించినదంతా చేయాల్సిన పని కాదు. ఆ కోర్టు అడిగినది రాజ్యాంగం బస్సును తప్పనిసరి చేస్తుందా అని. మా ముందున్న ప్రశ్న, బడిని దూరంగా మార్చిన ప్రభుత్వం ఆ దూరానికి డబ్బు అడగవచ్చా అని. పైగా రుసుము వసూలు చేయడానికి రసీదులు, బకాయిలు, మినహాయింపుల జాబితా, ఆ జాబితాపై వివాదాలు తప్పవు. పనులు దొరకని నెలలో రుసుము కట్టలేని కుటుంబం బకాయి పెట్టి బస్సు ఎక్కించదు, పిల్లను ఇంట్లో ఉంచుతుంది. అవసరం ఎక్కువగా ఉన్న పిల్లే అలా మొదట దూరమవుతుంది. ఉచితంగానే నడపాలని సిఫారసు చేశాం, అది ఆమోదం పొందింది.

నడిచిన తరువాత

బస్సులు మొదలయ్యాక వానాకాలపు హాజరులో తేడా రిజిస్టర్లలో స్పష్టంగా కనిపించింది. మొదటి పీరియడు సగంలో వచ్చే పిల్లలు బాగా తగ్గారు. మానేస్తారని టీచర్లు అనుకున్న ఆడపిల్లల్లో ఎక్కువ మంది పై తరగతిలో కొనసాగారు. దీన్నంతా బస్సు ఖాతాలో వేయడం సరికాదు. విలీనం వల్ల బడికి సబ్జెక్టు టీచర్లు వచ్చారు, మరుగుదొడ్లు బాగుపడ్డాయి. అయినా వాగు పొంగే రోజుల్లో హాజరు నిలబడడానికి మాత్రం బస్సు కాక మరో కారణం చెప్పలేం.

బస్సు తెచ్చిన కొత్త సమస్యలూ ఉన్నాయి. బడి వదిలాక జరిగే ప్రత్యేక తరగతులకూ ఆటలకూ బస్సు పిల్లలు దూరమయ్యారు, ఎందుకంటే బస్సు కదిలితే ఇంటికి వేరే దారి లేదు. వెనకబడిన పిల్లల కోసం పెట్టిన తరగతికి వెనకబడిన పిల్లలే ఉండలేకపోయారు. వారంలో రెండు రోజులు ఆలస్యంగా బయలుదేరే ట్రిప్పు ఒకటి చేర్చాక ఇది కొంత సర్దుకుంది. తల్లిదండ్రుల సమావేశాలకు దూరపు ఆవాసాల నుంచి ఎవరూ రాకపోవడం మరో సమస్య. సమావేశం ఉన్న రోజున పిల్లలతో పాటు తల్లిదండ్రులనూ బస్సులో తీసుకురావాలని ప్రధానోపాధ్యాయులే సూచించారు. రవాణా ప్రణాళికలో నేను చూసిన మంచి ఆలోచనల్లో అది ఒకటి.

అర్హత గీతకు కాస్త ఇవతల ఉన్న ఇళ్లవారి ఫిర్యాదు ఇంకా తీరలేదు. పక్కింటి పిల్ల బస్సెక్కుతుంటే తమ పిల్ల నడవాలా అని వాళ్లు అడుగుతారు. ఎక్కడ గీత గీసినా ఈ ప్రశ్న వస్తుంది. ఖాళీ సీట్లను దూరం వరసలో వాళ్లకు ఇస్తున్నాం, అది ఒక్క ఏడాదికే అని ముందుగానే రాతపూర్వకంగా చెబుతున్నాం. చక్రాల కుర్చీ వాడే పిల్లలకు ఇంటి నుంచే ఎక్కించుకునే ర్యాంపు ఉన్న చిన్న వ్యాను పెట్టాం. పెద్ద బస్సు ఆగిపోయిన రోజున దగ్గరి ఆవాసాలకు ఆ వ్యానే ఆదుకుంటోంది. కాంట్రాక్టరుకు చెల్లింపును కిలోమీటర్ల లెక్క నుంచి వేళకు పూర్తయిన ట్రిప్పుల లెక్కకు మార్చాం. అప్పటి నుంచి డ్రైవరు సెలవు పెట్టిన రోజున బదులు డ్రైవరు దొరకడం మొదలైంది.

ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యమైనదిగా నేను భావించేది ఒక కాగితం. ఏ బడినైనా విలీనం చేయాలని ప్రతిపాదించే ఫైలులో రవాణా పత్రం తప్పనిసరిగా ఉండాలని విద్యాశాఖ అంగీకరించింది. ఏ ఆవాసం నుంచి ఎంతమంది, ఏ దారి, ఒక్కవైపు ఎంత సమయం, ఏడాదికి ఎంత ఖర్చు, ఆ ఖర్చు ఏ పద్దులో నుంచి వస్తుంది అన్నవి అందులో నింపితేనే ఫైలు కదులుతుంది. అలా వచ్చిన తొలి ప్రతిపాదన కొండ వెనక ఉన్న ఒక చిన్న ప్రాథమిక పాఠశాలది. రూటు వేసి చూస్తే ఆరేళ్ల పిల్లలు ఒక్కవైపే 70 నిమిషాలు బస్సులో కూర్చోవాలని, బస్సు ఖర్చు అక్కడ ఒక ఉపాధ్యాయుడిని కొనసాగించే ఖర్చును మించుతుందని తేలింది. ఆ విలీనాన్ని పక్కన పెట్టి, బడిని ఉన్నచోటే కొనసాగిస్తూ ఉత్తర్వు ఇచ్చారు.